పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఉగ్రవాదం వేళ్లు ఎక్కడున్నాయి?

ఉగ్రవాదానికి మూలమేమిటి, దాన్ని ఎదుర్కోవడం ఎలా అనే అంశంపై పాఠకులు పంపిన ప్రశ్నలకే ఈ సంచికలోని శీర్షికను పూర్తిగా కేటాయించాం. ఒకే భావం ఉన్న ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: పేదరికం, నిరక్షరాస్యత, నిరుద్యోగం తొలగిపోతే ఉగ్రవాదం దానంతట అదే సమసిపోతుందని చాలామంది అంటారు. ఇది ఎంతవరకు నిజం? (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: అదే నిజమైతే పరిష్కారం కష్టమైనా కనీసం సూటిగా ఉండేది. 2001 సెప్టెంబరు 11న అమెరికాపై దాడికి దిగిన 19 మందిలో 15 మంది సంపన్న దేశమైన సౌదీ అరేబియా పౌరులు. వారికి నాయకత్వం వహించిన ఈజిప్టు దేశస్థుడు మహమ్మద్ అటా జర్మనీలోని హాంబర్గ్‌లో పట్టణ ప్రణాళిక చదివినవాడు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో, వార్తాపత్రికల్లో చుట్టిన ప్లాస్టిక్ సంచులను గొడుగు మొనలతో పొడిచి సారిన్ విషాన్ని వదిలిన ఓమ్ షిన్రిక్యో అనే మతశాఖ సభ్యులు ఐదుగురిలో ఒకరు అనుభవజ్ఞుడైన గుండె శస్త్రవైద్యుడు; మిగతావారిలో భౌతికశాస్త్రంలో ఉన్నత చదువులు చదివినవారున్నారు. 1970లలో పశ్చిమ జర్మనీని వణికించిన రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ సభ్యుల్లో ఎక్కువమంది మధ్యతరగతి ఇళ్ల పిల్లలే. అలన్ క్రూగర్, జిట్కా మలెకోవా అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, లెబనాన్‌లో హిజ్బుల్లా తరఫున పోరాడి చనిపోయినవారి వివరాలను ఆ దేశపు సాధారణ జనాభాతో పోల్చి చూసి, వారు సగటు మనిషి కంటే పేదలూ కారు, తక్కువ చదువుకున్నవారూ కారని తేల్చారు.

అయితే ఇంతటితో పేదరికానికి ఏ పాత్రా లేదనుకుంటే అదీ పొరపాటే. ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతుంటాయి. ఉగ్రవాద ముఠాలో ఎవరు చేరతారన్నది మొదటిది, ఆ ముఠా ఏ నేలలో పాదుకుంటుందన్నది రెండోది. మొదటి ప్రశ్నకు ఆదాయపు లెక్కలు పెద్దగా పనికిరావు. రెండో ప్రశ్నకు వస్తే, ఇటీవలి సంవత్సరాల్లో ప్రపంచవ్యాప్తంగా ఉగ్రవాద దాడుల్లో చనిపోతున్నవారిలో దాదాపు సగం మంది ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతంవారే. బుర్కినా ఫాసో, మాలీ, నైజర్ దేశాల మారుమూల పల్లెల్లో పశువుల మేత గురించో, భూమి గురించో తగవు వస్తే తీర్పు చెప్పే కోర్టు అందుబాటులో ఉండదు; ప్రభుత్వం అనేది ఎప్పుడైనా కనిపించిందంటే లంచం అడిగే ఉద్యోగి రూపంలోనో, ఊరి మీద పడే సైనికుల రూపంలోనో కనిపిస్తుంది. ఆ ఖాళీలోకి సాయుధ ముఠా వచ్చి తగవు తీరుస్తుంది, రక్షణ ఇస్తానంటుంది, బదులుగా ఇంటికో కుర్రాణ్ణి అడుగుతుంది. అక్కడి సమస్యను పేదరికం అనేకంటే పాలన లేకపోవడం అంటే సరిగ్గా ఉంటుంది.

ముఠాల లోపల కూడా ఒక పని విభజన ఉంటుంది. 2008 నవంబరులో ముంబైపై జరిగిన దాడిలో 166 మంది బలయ్యారు. అందులో ప్రాణాలతో పట్టుబడిన కసబ్, చదువు మధ్యలోనే మానేసిన పేద కుటుంబపు యువకుడు. అదే దాడికి ముందు హోటళ్లను, రైల్వే స్టేషన్‌ను తిరిగి చూసి వీడియోలు తీసిన డేవిడ్ హెడ్లీ మాత్రం ఖరీదైన హోటళ్లలో ఎవరికీ అనుమానం రాకుండా మెలగగలిగిన అమెరికా పౌరుడు. పథకం వేసేవాడికి చదువు కావాలి, చావడానికి వెళ్లేవాడు ఎవరైనా ఫరవాలేదు.

కాబట్టి నా అవగాహన ఇది: ఉగ్రవాదం సాధారణంగా సొంత లాభం కోసం చేసే నేరం కాదు, 'మనవాళ్ల' పేరు మీద చేసే నేరం. దానికి ముందుగా ఒక సమూహానికి అవమానమో అన్యాయమో జరిగిందన్న భావన కావాలి. కానీ అలాంటి భావన ఉన్న సమూహాలు ప్రపంచంలో వేలాదిగా ఉన్నాయి, వాటిలో బాంబుల దాకా వెళ్లేవి చాలా కొద్ది. మనస్తాపానికీ బాంబుకూ మధ్య ఎప్పుడూ ఒక సంస్థ ఉంటుంది: ఆ బాధకు ఒక కథ అల్లి, శత్రువును వేలెత్తి చూపి, డబ్బూ ఆయుధమూ సమకూర్చి, స్నేహితుల ద్వారానో బంధువుల ద్వారానో మనిషిని లోపలికి లాగే సంస్థ. కింది జవాబులన్నీ ఒక రకంగా ఆ మధ్యస్థానం గురించే.

ప్రశ్న: కారణాలు వెతకడమంటే హంతకుల తరఫున వకాల్తా పుచ్చుకోవడమే కదా? వాళ్లకు కారణాలుంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? (విశ్రాంత ప్రభుత్వోద్యోగి)

జవాబు: మీ ఆగ్రహం అర్థమవుతుంది, కానీ వైద్యుడు జబ్బుకు కారణం కనిపెడితే జబ్బును సమర్థించినట్లు కాదు. రైల్లో ప్రయాణిస్తున్న అమాయకుణ్ణి చంపడానికి ఏ అన్యాయమూ సమర్థన కాజాలదు. ఆ మాటకొస్తే అదే అన్యాయాన్ని అనుభవించి కూడా ఆయుధం పట్టని లక్షలాది మంది ఆ సమర్థనను ఎప్పుడో కొట్టిపారేశారు. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2006 సెప్టెంబరు 8న ఆమోదించిన ప్రపంచ ఉగ్రవాద నిరోధక వ్యూహం కూడా, ఉగ్రవాదాన్ని అన్ని రూపాల్లోనూ ఖండిస్తూనే, అది వ్యాపించడానికి అనుకూలించే పరిస్థితులను సరిదిద్దడాన్ని తన నాలుగు స్తంభాల్లో మొదటిదిగా పెట్టింది. అయితే ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను. తమకు నచ్చిన వర్గం బాంబు పేల్చినప్పుడు 'మూల కారణాలు' అనీ, నచ్చని వర్గం పేల్చినప్పుడు 'పుట్టుకతో వచ్చిన క్రూరత్వం' అనీ మాట్లాడే మేధావులు ఉన్నారు. వాళ్లు వెతుకుతున్నది కారణాలను కాదు.

ప్రశ్న: మతమే అసలు కారణమని చెప్పడానికి మీలాంటివారు ఎందుకు వెనకాడతారు? (ఇద్దరు ముగ్గురు పాఠకులు వేర్వేరు మాటల్లో)

జవాబు: వెనకాడకుండానే చెబుతాను. చంపడాన్ని పవిత్ర కర్తవ్యంగా, చావడాన్ని బహుమానంగా మార్చే శక్తి మతానికి ఉంది, ఆ శక్తిని అల్‌ఖైదా, ఇస్లామిక్ స్టేట్ వంటి సంస్థలు నిండా వాడుకున్నాయి. దేవుడి పేరు చెప్పుకున్న సంస్థతో రాజీ కుదరడం కూడా కష్టమే, ఎందుకంటే సరిహద్దునో స్వయంపాలననో బేరం పెట్టవచ్చు గానీ దైవాజ్ఞను బేరం పెట్టడం కుదరదు.

కానీ మతం లేకుండా కూడా ఈ పని జరిగింది. 1881 మార్చిలో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్‌ను బాంబుతో చంపిన నరోద్నయా వోల్యా విప్లవకారులు మతం కోసం పోరాడినవారు కారు. ఆత్మాహుతి దాడిని ఒక క్రమబద్ధమైన ఆయుధంగా మలచి, 1991 మే 21న రాజీవ్ గాంధీని బలిగొన్న ఎల్‌టీటీఈ భాష, జాతి పేరు మీద పోరాడింది. 1995లో అమెరికాలోని ఓక్లహోమా నగరంలో 168 మందిని చంపిన తిమోతీ మెక్‌వే, గల్ఫ్ యుద్ధంలో పాల్గొన్న మాజీ సైనికుడు. అతని ద్వేషం సొంత ప్రభుత్వం మీద. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని కాల్చి చంపినవాడు వలసవచ్చినవారి మీద ద్వేషం నింపుకున్న శ్వేతజాతి దురహంకారి. మతం పేరుతో చంపే ముఠాల చేతుల్లో అత్యధికంగా చనిపోయింది అదే మతస్థులన్న సంగతి ఇరాక్, అఫ్ఘానిస్తాన్, నైజీరియా లెక్కలు తిరగేస్తే తెలుస్తుంది.

ప్రశ్న: ఇన్ని సిద్ధాంతాలు దేనికి? ఉక్కుపాదం మోపితే ఏ ఉగ్రవాదమైనా అణగిపోతుంది. 2009లో శ్రీలంక చేసి చూపించింది కదా? (వ్యాపారి)

జవాబు: ఈ ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ప్రభుత్వాలు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

బ్రిటన్ పాలనలో ఉన్న ఉత్తర ఐర్లండ్‌తో మొదలుపెడదాం. అక్కడి కేథలిక్కులు 1960ల చివర్లో వీధుల్లోకి వచ్చింది ఇళ్ల కేటాయింపులో, ఉద్యోగాల్లో, స్థానిక ఎన్నికల ఓటు హక్కులో వివక్ష తొలగించమని. హింస ముదిరాక 1971 ఆగస్టు 9 తెల్లవారుజామున సైన్యం ఇళ్ల మీద పడి 340 మందికి పైగా పట్టుకెళ్లి విచారణ లేకుండా నిర్బంధించింది. పట్టికలు పాతవి, ఎప్పుడో తరం కిందట ఉద్యమంలో తిరిగి ఇంటిపట్టున ఉంటున్నవారు దొరికారు, అసలైన సాయుధులు చాలామంది ముందే జారుకున్నారు. ప్రొటెస్టెంట్ సాయుధ ముఠాల్లోంచి ఒక్కరిని కూడా ఆ రోజు ముట్టుకోలేదు. తర్వాత 1972 జనవరి 30న డెర్రీ నగరంలో ఈ నిర్బంధానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీస్తున్న నిరాయుధుల మీద సైనికులు కాల్పులు జరపగా 13 మంది అక్కడికక్కడే చనిపోయారు. కేథలిక్కుల సాయుధ సంస్థ ఐఆర్ఏ ఎన్ని కరపత్రాలు పంచినా రాని కుర్రాళ్లు ఆ తర్వాత వాళ్లంతట వాళ్లే వచ్చి చేరారు. 1972 ఒక్క సంవత్సరంలోనే అక్కడ 470 మందికి పైగా హతులయ్యారు. మూడు దశాబ్దాల సంఘర్షణలో అంత రక్తపాతం మరే ఏడాదీ జరగలేదు. ఆ కాల్పులకు ఎలాంటి సమర్థనా లేదని బ్రిటన్ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పడానికి 2010 దాకా పట్టింది.

ఇది ఒక్క దేశపు కథ కాదు. నైజీరియాలో 2009 జూలైలో బోకో హరాం స్థాపకుడు మహమ్మద్ యూసుఫ్ ప్రాణాలతో పట్టుబడి, పోలీసుల అదుపులో ఉండగా కాల్చివేతకు గురయ్యాడు. పీడ విరగడైందని చాలామంది అనుకున్నారు. ఆ సంస్థ అంతకంటే క్రూరుడైన నాయకుడి కింద తిరిగి లేచి, 2014లో చిబోక్ పాఠశాల నుంచి 276 మంది బాలికలను ఎత్తుకుపోయే దాకా వెళ్లింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆఫ్రికాలోని తీవ్రవాద సంస్థల్లో స్వచ్ఛందంగా చేరినవారిని ప్రశ్నించగా, తమను చివరిగా అటు నెట్టింది ప్రభుత్వ చర్యేనని 71 శాతం మంది చెప్పారు. కుటుంబ సభ్యుణ్ణో స్నేహితుణ్ణో చంపడం, అరెస్టు చేయడం అందులో ముఖ్యమైనవి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటే ఎలుకలు పక్క వాడలోకి పోతాయి, ఇల్లు మాత్రం మిగలదు.

ఇక శ్రీలంక. ఎల్‌టీటీఈ సైనికంగా తుడిచిపెట్టుకుపోయిన మాట వాస్తవం. కానీ అది భూభాగాన్ని ఏలుతూ, సొంత నౌకలు నడుపుతూ, ముఖాముఖి యుద్ధానికి దిగిన సంస్థ. సైన్యాన్ని సైన్యం ఓడించడం సాధ్యమే. జనంలో కలిసిపోయి తిరిగే చిన్న ముఠా విషయంలో ఫిరంగులకు గురి దొరకదు. పైగా ఆ విజయానికి ముందు పాతికేళ్లకు పైగా యుద్ధం నడిచింది, చివరి నెలల్లో వేలాది సాధారణ పౌరులు చనిపోయారు, 1956 నాటి సింహళ భాషా చట్టంతోనూ 1983 జూలై మారణకాండతోనూ రాజుకున్న అసలు తగాదా మాత్రం తీరలేదు. 1987 నాటి రాజ్యాంగ సవరణ వాగ్దానం చేసిన భూమి, పోలీసు అధికారాలు తమిళ ప్రాంతాల మండళ్లకు నేటికీ పూర్తిగా దక్కలేదు.

మరి ఏది పనిచేస్తుంది? 1968 నుంచి 2006 దాకా నడిచిన 648 ఉగ్రవాద ముఠాలను పరిశీలించిన అమెరికా పరిశోధన సంస్థ రాండ్ 2008లో ఇచ్చిన లెక్క ఆసక్తికరమైనది. పూర్తిగా అంతమైన ముఠాల్లో 43 శాతం రాజకీయ ప్రక్రియలో కలవడం వల్ల, 40 శాతం పోలీసు, నిఘా చర్యల వల్ల ముగిశాయి. 10 శాతం అనుకున్నది సాధించి ఆగాయి. సైనిక బలంతో అంతమైనవి 7 శాతమే.

పోలీసు చర్య అంటే ఏమిటో పెరూ చూపించింది. తత్వశాస్త్ర ఆచార్యుడైన అబీమాయెల్ గుజ్మాన్ నడిపిన మావోయిస్టు సంస్థ షైనింగ్ పాత్ అక్కడ 1980లో ఆయుధాలు పట్టింది; సైన్యం, ఆ సంస్థ పోటీపడి కొండ ప్రాంతాల పల్లెలను నరికేశాయి. ఆ సంఘర్షణలో సుమారు 69 వేల మంది చనిపోయారని సత్యశోధన సంఘం తర్వాత అంచనా వేసింది. పదేళ్ల సైనిక చర్యల్లో చేతికి చిక్కని గుజ్మాన్‌ను ఒక చిన్న పోలీసు నిఘా బృందం 1992 సెప్టెంబరు 12న పట్టుకుంది. లీమా నగరంలో ఒక నృత్య శిక్షకురాలు అద్దెకున్న ఇంటిపై వారికి అనుమానం కలిగింది. చెత్త ఎత్తేవాళ్ల వేషంలో ఆ ఇంటి చెత్తను రోజూ ఏరి చూస్తే, అంత తక్కువమంది ఉండే ఇంటికి పొసగనంత ఆహారపు వ్యర్థం, గుజ్మాన్ తాగే రకం సిగరెట్ పీకలు, అతనికున్న చర్మవ్యాధికి వాడే మందు గొట్టాలు దొరికాయి. అతన్ని చంపలేదు, కోర్టుకు తెచ్చి జైల్లో పెట్టారు. మరుసటి ఏడాది అతనే జైలు నుంచి శాంతి చర్చలకు పిలుపునిచ్చాడు, సంస్థ చీలి క్షీణించింది. చనిపోయి ఉంటే అమరుడయ్యేవాడు.

ప్రశ్న: పొరుగు దేశం డబ్బూ ఆయుధాలూ ఇచ్చి పంపుతుంటే, లోపల ఎన్ని సంస్కరణలు చేసి ఏం లాభం? (పేరు రాయని పాఠకుడు)

జవాబు: న్యాయమైన ప్రశ్నే. కొన్ని ముఠాలకు అసలు ఊపిరి సరిహద్దు అవతలి నుంచే వస్తుంది. శిక్షణ శిబిరం, తలదాచుకునే చోటు, నకిలీ పాస్‌పోర్టు అన్నీ ఒక ప్రభుత్వం చూసీచూడనట్టు ఊరుకోవడం వల్లనే సాధ్యమవుతాయి. దీనికి మందు ఎక్కువగా దౌత్యం, డబ్బు దారులను మూయడం. ఉగ్రవాదానికి నిధులు చేరకుండా చూసే అంతర్జాతీయ సంస్థ ఆర్థిక చర్యల కార్యదళం (ఎఫ్ఏటీఎఫ్) పాకిస్తాన్‌ను 2018 జూన్ నుంచి 2022 అక్టోబరు దాకా తన గ్రే లిస్టులో, అంటే ప్రత్యేక నిఘాలో ఉన్న దేశాల జాబితాలో ఉంచింది. ఆ కాలంలోనే లష్కరే తోయిబా స్థాపకుడు హఫీజ్ సయీద్‌కు ఉగ్రవాదానికి నిధులు సమకూర్చిన కేసుల్లో అక్కడి కోర్టులు శిక్షలు వేశాయి. అయినా బయటివాడు నిప్పు తేగలడు గానీ ఎండుగడ్డి ఇక్కడిదే కావాలి. ఆ గడ్డిని తగ్గించే పని ఎవరి ఇంట్లో వారిదే.

ప్రశ్న: ఆయుధం పట్టినవాడితో చర్చలంటే లొంగిపోవడమే కాదా? రేపు ఇంకొకడు ఆయుధం పట్టడా? (ఉపాధ్యాయుడు)

జవాబు: ఎవరితో, ఎప్పుడు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. 2005 ఆగస్టు 15న ఇండోనేషియా ప్రభుత్వం హెల్సింకీలో అచే తిరుగుబాటుదార్లతో ఒప్పందం చేసుకున్నప్పుడు, వారు స్వతంత్ర దేశం కోరికను వదులుకున్నారు, ప్రభుత్వం స్వయంపాలన ఇచ్చి స్థానిక పార్టీలు పెట్టుకోనిచ్చింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో మాజీ తిరుగుబాటుదారే గవర్నర్‌గా గెలిచాడు. ఇద్దరూ తలా ఒక మెట్టు దిగారు.

స్పెయిన్‌లో దారి వేరు. బాస్క్ ప్రాంతానికి 1979లోనే విస్తృత స్వయంపాలన దక్కినా, ఆ ప్రాంతానికి స్వతంత్ర దేశం కోరిన సాయుధ సంస్థ ఈటీఏ చంపడం ఆపలేదు. 1997 జూలైలో ఆ ముఠా ఎర్ముయా పట్టణ కౌన్సిలర్, 29 ఏళ్ల మిగెల్ ఏంజెల్ బ్లాంకోను అపహరించి, తమ ఖైదీలను బాస్క్ ప్రాంతపు జైళ్లకు మార్చడానికి 48 గంటల గడువు పెట్టింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. గడువు తీరాక అతని తలలో కాల్చారు. స్పెయిన్ అంతటా లక్షలాది మంది వీధుల్లోకి వచ్చారు. ప్రతీకారానికి భయపడి ఎప్పుడూ ముసుగు వేసుకునే బాస్క్ పోలీసులు కొందరు ఆ జనం మధ్య ముసుగులు తీసేశారు. ఈటీఏ తన సొంత ప్రజల్లో మొహం చెల్లని స్థితికి చేరడం అక్కడ మొదలైంది. ఫ్రాన్స్ పోలీసుల సహకారంతో నాయకులు వరసగా దొరికిపోయారు, 2011లో ఆ సంస్థ సాయుధ చర్యలకు స్వస్తి చెప్పింది, 2018లో రద్దయింది. అంతకుముందు 1980లలో ప్రభుత్వంలోని కొందరు రహస్యంగా పోషించిన హంతక దళాలు ఈటీఏకు మేలే చేశాయని కూడా గుర్తుంచుకోవాలి.

చర్చల ఖరీదును దాచడం కూడా మంచిది కాదు. 1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం ప్రకారం ఉత్తర ఐర్లండ్‌లో హత్యలు చేసి శిక్ష పడినవారు రెండేళ్లలో బయటికి వచ్చారు. తండ్రిని చంపినవాడు అదే ఊరి వీధిలో నడుస్తుంటే చూడాల్సి వచ్చిన కుటుంబాలకు ఆ ఒప్పందం శాంతిలా కనిపించి ఉండదు. అయినా మెజారిటీ ప్రజలు ఓటు వేసి దాన్ని ఆమోదించారు, ఆ తర్వాత పోలీసు దళాన్ని కొత్తగా తీర్చి, కేథలిక్కులకు సగం నియామకాలు దక్కేలా నిబంధన పెట్టారు.

ప్రశ్న: పంతొమ్మిదేళ్ల మా అబ్బాయి ఆరు నెలలుగా పాత స్నేహితులను వదిలేశాడు. రాత్రంతా ఫోన్లో ద్వేషపూరిత వీడియోలు చూస్తూ, మాట్లాడితే 'మనవాళ్లను తుడిచిపెడుతున్నారు' అంటాడు. భయంగా ఉంది. ఏం చేయాలి? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందుగా ఒక ఊరట. ఇలాంటి వీడియోలు చూసే కుర్రాళ్లలో అత్యధికులు హింస దాకా వెళ్లరు. ఫోన్ లాక్కోవడం, అందరి ముందు నిలదీయడం, అతని నమ్మకాలను ఎగతాళి చేయడం వద్దు. బయటివాళ్లెవరికీ మన బాధ అర్థం కాదని అవతలివాళ్లు అప్పటికే చెప్పి ఉంటారు, మీరు అరిస్తే ఆ మాట రుజువైనట్లవుతుంది. అతను చెప్పేదాంట్లో ఎక్కడైనా నిజమైన అన్యాయం ఉంటే దాన్ని ఒప్పుకోండి, ఆపైన దానికి అతను చూపే మార్గం గురించి అడగండి. డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో పోలీసులు, పురపాలక సంస్థ కలిసి ఇలాంటి యువకులకు ఒక్కొక్కరికి ఒక మార్గదర్శిని కేటాయించి, ఆగిపోయిన చదువుకో ఉద్యోగానికో తిరిగి తోవ చూపించే పద్ధతి పెట్టారు. వాదనలో ఓడించడం కంటే, తెగిపోయిన సంబంధాలను మళ్లీ కలపడమే అక్కడ ప్రధానమైన పని.

మీ ఇంటి చుట్టూ అతను గౌరవించే మనిషి ఎవరో మీకు తెలుస్తుంది. మేనమామ కావచ్చు, పాత ఆటల కోచ్ కావచ్చు, మీ మతపెద్దల్లో నిదానస్థుడైన ఒకరు కావచ్చు. వారితో విడిగా మాట్లాడి, అబ్బాయితో తరచు గడపమనండి. నిద్ర, తిండి బాగా చెడి ఉంటే మానసిక వైద్యుణ్ణి కలవండి. అదే సమయంలో కొన్నింటిని కనిపెట్టి ఉండండి: ముఖం చూడని మనిషెవరో ఆన్‌లైన్లో అతనితో ఒంటరిగా, రహస్యంగా మాట్లాడుతున్నాడా, డబ్బు చేతులు మారుతోందా, వస్తువులు పంచిపెట్టేయడం, అప్పులు తీర్చేయడం, వీడ్కోలు ధోరణిలో మాట్లాడటం, ఎక్కడికో ప్రయాణం తలపెట్టడం, ఆయుధం లేదా ఫలానా చోటు గురించి ఆరా తీయడం వంటివి కనిపిస్తున్నాయా అని. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కుటుంబ పరువు గురించి ఆలోచించకుండా, నమ్మకమైన న్యాయవాదిని వెంటబెట్టుకుని అదే రోజు పోలీసు అధికారిని కలవండి. ఏమీ జరగకముందే వెళ్తే అతన్ని వెనక్కి తెచ్చుకునే వీలు చట్టం ముందు కూడా ఎక్కువగా ఉంటుంది.